చిలుము మాటున చరిత్ర
బడ్జ్ బడ్జ్ తిలంగాలు – ప్రాచీన సైనిక శిరస్త్రాణాల లోహ చిహ్నాల పరిరక్షణ

కలకత్తా సియాల్దా స్టేషనులో దక్షిణ శాఖ రైలు ఎక్కిన ప్రయాణికుడు గంట గడిచేలోగా హుగ్లీ నది తూర్పు గట్టున ఉన్న బడ్జ్ బడ్జ్ పట్టణం చేరుకుంటాడు. జనపనార మిల్లులు, చమురు నిల్వ కేంద్రాలు, రేవు మెట్లు, వాటి నడుమ ఇరుకు వీధులు – పైకి చూడగా ఇది హుగ్లీ తీరాన ఉన్న అనేక పారిశ్రామిక పట్టణాలలో ఒకటి మాత్రమే. అయితే చరిత్ర విద్యార్థికి ఈ చిన్న పట్టణం మూడు కారణాల వలన స్మరణీయం. 1756 డిసెంబరులో క్లైవు సేనలు బెంగాలు నవాబు సైన్యంతో తొలిసారి తలపడినది ఇక్కడనే. 1897 ఫిబ్రవరిలో పాశ్చాత్య దేశాల యాత్ర ముగించుకొని, మద్రాసు మీదుగా వచ్చిన వివేకానంద స్వామి వంగభూమిపై కాలు మోపినది ఇక్కడనే. 1914 సెప్టెంబరు 29న కెనడా ప్రభుత్వం తిప్పి పంపిన కోమగట మారు నౌక ప్రయాణికులపై తుపాకులు పేలినది ఇక్కడనే. ఆ మృతుల స్మారక చిహ్నం 1952లో ఆవిష్కృతమైనది. రైలు స్టేషను పేరులో సైతం నేడు కోమగట మారు నామం చేరి ఉన్నది.

ఈ మూడింటిలో మొదటి సంఘటనతో తెలుగువారికి ఒక ప్రత్యేక సంబంధం కలదు. దానిని గురించి మనం చెప్పుకొన్నది స్వల్పం. చెప్పుకొనుటకు మిగిలి ఉన్న భౌతిక సాక్ష్యం అంతకంటె స్వల్పం. ఆ మిగిలిన కొద్దిపాటి సాక్ష్యాన్ని మనమే, అదియును సదుద్దేశంతో, తుడిచివేస్తున్నామన్న విషయం పాఠకుల దృష్టికి తెచ్చుట ఈ వ్యాసం ఉద్దేశం.

తిలంగా అన్న పేరు

1756 జూన్ 20న నవాబు సిరాజుద్దౌలా కలకత్తాను స్వాధీనపరచుకొన్నాడు. నగరానికి అలీనగర్ అని పేరు పెట్టి, మాణిక్‌చంద్‌ను పాలకునిగా నియమించాడు. వార్త మద్రాసు చేరిన పిమ్మట అడ్మిరల్ వాట్సన్ నౌకాదళం, కర్నల్ క్లైవు పదాతి దళం అక్టోబరు 16న బయలుదేరినవి. ఆ దళంలో సుమారు 900 మంది ఐరోపా సైనికులు, 1500 మంది మద్రాసు సిపాయిలు ఉన్నారు. డిసెంబరులో వారు హుగ్లీ ముఖద్వారం దాటి ఫల్తా చేరుకున్నారు. అక్కడి నుండి కలకత్తాకు పోవు మార్గంలో బడ్జ్ బడ్జ్ కోట అడ్డుగా నిలిచినది.

డిసెంబరు నెలాఖరున క్లైవు దళం రాత్రంతా బురదనేలలలో, వాగులలో నడచి, తెల్లవారేసరికి కోట సమీపానికి చేరినది. అలసిన సైనికులు తగిన కాపలా అయినా పెట్టుకోకుండా నిద్రించారు. ఆ అదను చూచి మాణిక్‌చంద్ సేనలు వారిపై పడినవి. కొంతసేపు హోరాహోరీగా పోరు సాగినది. అంతలో ఒక తుపాకి గుండు మాణిక్‌చంద్ తలపాగాకు అతి సమీపంగా దూసుకుపోగా, ఆయన సేనలను మరలించి వెనుదిరిగినట్లు ఆనాటి కంపెనీ చరిత్రకారుడు ఓర్మ్ వ్రాసియున్నాడు. ఆ రాత్రి కోట పట్టుబడిన తీరు మరింత విచిత్రం. మరునాడు ముట్టడి జరుపుటకు సన్నాహాలు సాగుచుండగా, మద్యం మత్తులో ఉన్న స్ట్రాహన్ అనే నావికుడు ఒంటరిగా గోడ గండిగుండా లోపలికి దూరి కేకలు వేశాడు. వెనుకనే తక్కినవారు చొరబడ్డారు. కోట అంతకుముందే దాదాపు ఖాళీ అయి ఉన్నది. 1757 జనవరి 2న కలకత్తా, అదే సంవత్సరం జూన్ 23న ప్లాసీ – తరువాతి కథ పాఠ్యపుస్తకాలలో ఉన్నదే.

పాఠ్యపుస్తకాలలో కనిపించని మాట ఒకటి కలదు. మద్రాసు నుండి వచ్చిన ఆ సిపాయిలను వంగదేశ ప్రజలు 'తెలింగాలు', 'తిలంగాలు' అని పిలిచారు. వారందరూ తెలుగువారే అనుట సరికాదు. తమిళులు, దక్కను ముస్లిములు, ఇతరులు ఆ దళంలో ఉన్నారు. అయినను కోరమాండల్ తీరం నుండి ఎర్రకోటు తొడుక్కొని వచ్చిన సైనికునికి ఉత్తరాది వాడుకలో స్థిరపడిన పేరు మాత్రం మన నేల పేరే. 1757 జనవరిలో క్లైవు బెంగాలులోనే సమకూర్చిన తొలి సిపాయి పటాలం 'లాల్ పల్టన్'గా ప్రసిద్ధి పొందినది. అందులో చేరినవారు ఉత్తరాదివారైనను వారికిని తిలంగా అన్న పేరే అంటుకొన్నది. ఒక శతాబ్దం గడచి 1857 వచ్చేసరికి ఢిల్లీ వీధులలో తిరుగుబాటు సిపాయిలను సైతం ఉర్దూ రచయితలు 'తిలంగే' అని వ్రాశారు. ఏ కంపెనీ కొరకు తొలి తిలంగాలు బడ్జ్ బడ్జ్ బురదలో నడిచారో, ఆ కంపెనీ మీదనే తిరగబడినవారికి అదే పేరు దక్కుట చరిత్రలోని వైచిత్రి.

ఈ ప్రయాణం ఒకవైపే సాగలేదు. 1758 అక్టోబరులో కర్నల్ ఫోర్డ్ 500 మంది ఐరోపా సైనికులతో, 2000 మంది బెంగాలు సిపాయిలతో కలకత్తా నుండి ఓడలెక్కి, అదే హుగ్లీ మీదుగా, బడ్జ్ బడ్జ్ ముందుగానే సాగి విశాఖపట్నం చేరాడు. విజయనగరం ఆనందగజపతిరాజుతో కూడి, డిసెంబరు 7న పిఠాపురం ప్రాంతంలోని చెందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించాడు. ఆ యుద్ధంలో ఎర్రకోటులు తొడిగిన సిపాయిలను చూచి ఫ్రెంచివారు ఐరోపా పటాలమని భ్రమపడినట్లు చెబుతారు. తెలుగునాటి పేరు మోసిన సైనికులు తెలుగునాటికే పరాయి సైన్యంగా వచ్చి, ఉత్తర సర్కారుల భవిష్యత్తును మార్చివేశారు.

తలపైని గుర్తు

సైనికుని తలపై ఉన్నది కేవలం ఎండను, కత్తివేటును ఆపే సాధనం కాదు. అది అతని పటాలం పేరు, అతని స్థాయి, అతని విధేయత తెలియజేసే పత్రం. బట్ట చీకిపోతుంది. తోలు పురుగుల పాలవుతుంది. ఇత్తడి బిళ్ళ, వెండి అంకె, గడ్డం కింది గొలుసు, శిఖరాన మొన – ఇవి మాత్రం మిగులుతాయి. అందువలన శిరస్త్రాణం మీది లోహపు ముక్క చరిత్రకారునికి శాసనం వంటిది.

తలపాగా ఎంతటి పనికి కారణం కాగలదో 1806 నాటి వేలూరు తిరుగుబాటు నిరూపించినది. మద్రాసు సేనాధిపతి సర్ జాన్ క్రాడక్ ఆమోదంతో ప్రవేశపెట్టిన కొత్త తలపాగా టోపీని పోలి ఉండుట, దానికి తోలు తురాయి అమర్చుట, నుదుట మతచిహ్నాలను, గడ్డాలను నిషేధించుట – ఇవన్నీ సిపాయిల మనసులలో తమ మతానికి ముప్పు రానున్నదన్న భయం రేపినవి. జూలై 10 తెల్లవారుజామున వేలూరు కోటలో తిరుగుబాటు చెలరేగినది. వంద మందికి పైగా ఆంగ్ల సైనికులు, వందల సంఖ్యలో సిపాయిలు ఒక్క రోజులో ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాదులోని సహాయక సేనలోను అశాంతి వ్యాపించగా, అక్కడి అధికారి ఆ నిబంధనల అమలు నిలిపివేయవలసి వచ్చినది. క్రాడక్, గవర్నరు బెంటింక్ ఇరువురును వెనుకకు పిలిపించబడ్డారు. ఒక తురాయి, ఒక తోలు ముక్క ఎన్ని జీవితాలను మార్చినదో గమనించదగినది.

ఇక అంకెల విలువ సంగతి. మద్రాసు పటాలాల సంఖ్యలు 1796లో, 1824లో మారినవి. 1903లో కిచెనర్ సంస్కరణలలో పూర్వపు మద్రాసు సంఖ్యలకు అరవై కలిపారు. ఆ విధంగా ఒకటవ మద్రాసు పయనీర్లు 61వ పయనీర్లు అయినారు. 1922లో మరల మార్పు జరిగినది. కనుక ఒక బిళ్ళపై ఉన్న అంకె, దాని చుట్టూ ఉన్న అక్షరాలు, కిరీటం ఆకృతి – ఈ మూడూ కలిసినప్పుడే అది ఏ పటాలానిదో, ఏ కాలానిదో నిర్ణయించగలం. పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో 'యుద్ధ జాతుల' సిద్ధాంతం ప్రబలి, తెలుగువారిని పదాతి దళాలలో చేర్చుకొనుట తగ్గిపోయినది. తిలంగా అన్న పేరు దేశమంతటా వినబడిన జాతి, సైనిక చరిత్రలో నుండి క్రమంగా కనుమరుగైనది. ఆ స్థితిలో ఒక్క అంకె చెరిగినను మనకు కలిగే నష్టం చిన్నది కాదు.

మెరుగు చేసిన చేటు

ఇక్కడ నా స్వానుభవం ఒకటి చెప్పుకొనక తప్పదు. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక కార్యాలయంలో పనిచేయుచుండగా, అక్కడి గాజు బీరువాలో పాతకాలపు శిరస్త్రాణం ఒకటి ఉండేది. ముందువైపు ఇత్తడి బిళ్ళ నల్లబడి, అంచులలో పచ్చగా చిలుము పట్టి ఉండేది. పై అధికారి పర్యటన ఉన్నదని తెలిసి, బీరువాలోని వస్తువులన్నీ తళతళలాడేటట్లు చేయుమని ఆదేశించినవాడిని నేనే. మా అటెండరు శ్రద్ధగలవాడు. "అయ్యా, మా నాయన బిళ్ళ బంట్రోతుగా చేసేవాడండీ. బిళ్ళ తోమడం మాకు వెన్నతో పెట్టిన విద్య" అని చెప్పి, చింతపండు, ఇటుక పొడి, పిమ్మట సీసాలోని మెరుగు ద్రావకం ఉపయోగించి ఒక పూట శ్రమించాడు. బిళ్ళ అద్దంలా మెరిసినది. అందరూ మెచ్చుకొన్నారు. 

కొన్ని నెలల అనంతరం సైనిక చిహ్నాల విషయం ఎరిగిన ఒక పెద్దమనిషి దానిని చూచి, భూతద్దం తీసి చాలాసేపు పరిశీలించి, "దీని మీద అంకె ఉండవలెనే, ఏమైనదండీ?" అని అడిగాడు. నా వద్ద సమాధానం లేదు. అంతకుముందే అరిగి సన్నగిల్లిన అంకె, ఇటుక పొడితో పూర్తిగా పోయినది. తోమకముందు ఛాయాచిత్రమైనా తీయలేదు. చరిత్రలో పట్టభద్రుడనై, ఒక చారిత్రక పత్రాన్ని నా ఆదేశంతోనే చెరిపించితినన్న బాధ నన్ను నేటికీ విడువలేదు. అటెండరు చేసినది తప్పు కాదు. అతడు చెప్పిన పని చెప్పినట్లు చేశాడు. చెప్పినవానికే తెలియలేదు.

చిలుము స్వభావం

ఇత్తడి రాగి, తగరేతర లోహమైన జింకుల మిశ్రమం. గాలిలోని ఆమ్లజనితో కలిసి రాగి ముందుగా గోధుమ వన్నె పొర ధరిస్తుంది. గంధక వాయువుల వలన నలుపు వస్తుంది. తేమ, బొగ్గుపులుసు వాయువుల వలన ఆకుపచ్చని చిలుము ఏర్పడుతుంది. సమానంగా, గట్టిగా పరచుకొన్న గోధుమ వన్నె పొర లోహానికి హాని చేయదు. అది లోపలి లోహానికి కవచం వంటిది. దానిని తోమి తీసిన ప్రతిసారి కొంత లోహం కూడా పోతుంది, మరల కొత్త పొర ఏర్పడుటకు మరికొంత లోహం ఖర్చవుతుంది.

హాని చేసే చిలుము వేరు. లేత ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా రాలుతూ, తుడిచిన కొన్ని దినాలకే మరల పుట్టుకొచ్చేది ఉప్పు సంబంధమైన వ్యాధి. దీనినే 'కంచు వ్యాధి' అని వ్యవహరిస్తారు. ఉప్పులోని క్లోరిను అంశం, గాలిలోని తేమ కలిసి లోహాన్ని లోపలి నుండి తొలుస్తాయి. గాలిలో తేమ నలభై శాతానికి పైబడిన కొలది ఇది చురుకుగా సాగుతుంది. వానకాలంలో తేమ ఎనభై శాతం దాటే హుగ్లీ తీరంలోను, మన విశాఖ, మచిలీపట్నం, కాకినాడ తీరాలలోను దీని ప్రమాదం ఎక్కువ. చెమటతో తడిసిన వేళ్ళు సైతం ఇత్తడికి ఈ ఉప్పును అందిస్తాయి. పాత బిళ్ళలపై వేలిముద్రలు శాశ్వతంగా అచ్చుపడి ఉండుటకు కారణం ఇదే.

శిరస్త్రాణాలలో మాత్రమే తరచుగా కానవచ్చే మరొక చిలుము కలదు. తోలుకు పట్టించిన నూనెలు, కొవ్వులు ఇత్తడితో కలిసి, మైనం వంటి పచ్చని ముద్దగా గొలుసు కడియాల మధ్య, కొక్కేల చుట్టూ పేరుకొంటాయి. దానికి ఆమ్లం అవసరం లేదు. వెదురు పుల్లతో మెల్లగా గీరి, దూదిని టర్పెంటైన్ వంటి ద్రావకంలో స్వల్పంగా తడిపి అద్దితే చాలును.

చింతపండు మన వంటింటి ఇత్తడికి మంచిదే. గంగాళానికి, చెంబుకు చరిత్ర అంకె ఏదీ లేదు. పైగా వాటిని వెంటనే నిండుగా నీటితో కడుగుతాం. శిరస్త్రాణం మీది బిళ్ళను అలా కడగలేం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం సందులలో నిలిచి, బట్టను, దారాన్ని, తోలును తినివేస్తుంది. ఇత్తడిలోని జింకును ముందుగా కరగించుట వలన బిళ్ళపై ఎర్రని మచ్చలు తేలుతాయి. బజారులోని మెరుగు ద్రావకాలలో రాపిడి పొడి ఉంటుంది. అది తెల్లగా అక్షరాల మూలలలో ఎండి తేమను పీల్చుతుంది.

కొన్ని ద్రావకాలలో ఉండే అమ్మోనియా మరింత ప్రమాదకారి. ఈ విషయం మన దేశంలోని సైనిక అనుభవం నుండే లోకానికి తెలిసినది. పందొమ్మిదవ శతాబ్దంలో బ్రిటిషు సైన్యం వానకాలంలో గుర్రపు శాలలలో నిల్వ చేసిన ఇత్తడి తూటా గొట్టాలు ఏ దెబ్బ తగలకుండానే చీలిపోయేవి. ఋతువును బట్టి వస్తున్నట్లు తోచుటచే దానికి 'సీజన్ క్రాకింగ్' అని పేరు పెట్టారు. గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, అచ్చు వేసినప్పుడు లోహంలో నిలిచిపోయిన బిగువు – ఈ రెండూ కలిసి ఆ చీలికలకు కారణమని 1921లో శాస్త్రజ్ఞులు వివరించారు. శిరస్త్రాణం బిళ్ళలు కూడా పలుచని రేకును అచ్చులో నొక్కి చేసినవే. కాబట్టి అమ్మోనియా వాటికి శత్రువు.

అధికారుల శిరస్త్రాణాలపై ఉండే బంగారు పూత సంగతి వేరుగా చెప్పవలెను. పాదరసంతో కలిపి కాల్చి పూసిన ఆ పూత మిల్లీమీటరులో కొన్ని వేయవ వంతుల మందమే ఉంటుంది. ఇత్తడి అనుకొని తోమినవారు బంగారాన్నే తుడిచివేస్తారు. కింద బయటపడిన ఇత్తడి మెరుపును చూచి శుభ్రమైనదని సంతోషిస్తారు.

చేయవలసిన విధానం

శుభ్రపరచుటకు ముందు అవసరమా అని ప్రశ్నించుకొనుట మొదటి నియమం. చిలుము నిలకడగా ఉండి, పొడి రాలకుండా ఉన్నచో దుమ్ము దులిపితే సరిపోతుంది. రెండవది, ముందుగా నాలుగు వైపుల నుండి ఛాయాచిత్రాలు తీసి, ప్రతి అంకెను, అక్షరాన్ని, పగులును, కుట్టును వ్రాసిపెట్టుకొనవలెను. పక్కవాటుగా కాంతి పడేటట్లు దీపం పెట్టి చూచినచో అరిగిన అక్షరాలు నీడలలో తేలుతాయి. మూడవది, చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పాత రోమపు టోపీల తయారీలో పాదరసం వాడేవారు. పూర్వం పురుగులు పట్టకుండా పాషాణం చల్లిన వస్తువులు కూడా సంగ్రహాలలో ఉన్నాయి.

బిళ్ళను ఊడదీయుటకు తొందరపడరాదు. వెనుక కొక్కేలు పెళుసుబారి విరిగిపోతాయి. బిళ్ళకు, బట్టకు మధ్య పలుచని ప్లాస్టిక్ పొరను జొనిపి, మెత్తని కుంచెతో దుమ్ము తీసి, స్వేదన జలం, ఆల్కహాలు సమంగా కలిపిన ద్రవంలో దూది చుట్టిన పుల్లను ముంచి, పిండి, ఒక మూల పరీక్షించి చూడవలెను. దూదికి లోహపు నలుపు అంటినంతనే ఆపవలెను. వెండి అంకెలకు మిక్కిలి మెత్తని సుద్దపొడి ముద్ద సరిపోతుంది. అది కూడా పలుమార్లు చేయదగిన పని కాదు. పని ముగిసిన పిమ్మట పూర్తిగా ఆరనిచ్చి, సూక్ష్మ స్ఫటిక మైనం పలుచగా పూసి, మెత్తని గుడ్డతో అద్దవలెను. కంచు వ్యాధి సోకిన వస్తువును ఇంటిలో ముట్టుకొనరాదు. దానికి బెంజోట్రయజోల్ వంటి రసాయనాలతో ప్రయోగశాలలో చికిత్స జరగవలెను.

నిల్వలో జాగ్రత్త శుభ్రత కంటె ముఖ్యం. వార్తాపత్రిక కాగితం, రబ్బరు పట్టీ, ఉన్ని గుడ్డ, కొత్త చెక్క పెట్టె – వీటి నుండి వెలువడే గంధకం, ఆమ్లాలు లోహాన్ని నల్లబరుస్తాయి. ఆమ్లరహిత కాగితం, సిలికా జెల్ సంచులు, గాలి తగిలే పొడి స్థలం మేలైనవి.

ఈ విషయాలలో మన దేశం వెనుకబడి లేదు. భారత పురావస్తు శాఖలో రసాయన శాస్త్ర విభాగం 1917లోనే ఏర్పడినది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియంలో కంచు విగ్రహాల చికిత్స నిమిత్తం 1930లో పరమశివన్ గారి ఆధ్వర్యవంలో ప్రయోగశాల ప్రారంభమైనది. లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ ప్రయోగశాల 1976 నుండి పనిచేస్తున్నది. చెన్నై సెయింట్ జార్జి కోట మ్యూజియం, కలకత్తా విక్టోరియా మెమోరియల్, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధ, సైనిక సామగ్రిని భద్రపరుస్తున్నాయి. 1972 నాటి ప్రాచీన వస్తువుల చట్టం నూరేళ్ళు నిండిన వస్తువులను పురావస్తువులుగా పరిగణిస్తున్నది. కొరవడినది మ్యూజియముల వెలుపల – పాత ఇళ్ళ అటకలమీద, జమీందారీ బంగళాలలో, కార్యాలయాల బీరువాలలో ఉన్నవాటి పట్ల ఎరుక.

ముగింపు

బడ్జ్ బడ్జ్ రేవు గట్టున నిలబడి చూచినచో నాటి కోట రూపం కనబడదు. నది మాత్రం ఆటుపోట్లతో అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. తరువాతి కాలంలో గంజాం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి వేలాది తెలుగు కూలీలు ఈ నదీతీరపు జనపనార మిల్లులకు వలస వచ్చారు. వారికంటె ముందు తుపాకి పట్టి వచ్చినవారి పేర్లు ఏ శిలాఫలకం మీదనూ లేవు. వారి పోరాటం వలన దేశానికి కలిగినది మేలని చెప్పలేం. పరాయి పాలనకు మెట్లు కట్టిన చేతులలో వారి చేతులు కూడా ఉన్నాయి. అయినను చరిత్ర గర్వించుటకు మాత్రమే కాదు, తెలుసుకొనుటకు. తెలుసుకొనుటకు ఆధారం కావలెను.

ఎక్కడనైనా ఒక పాత శిరస్త్రాణం, దాని మీద నల్లబడిన బిళ్ళ మీ కంటబడినచో, మెరుగు పెట్టుటకు ముందు ఒక్క క్షణం ఆగవలసినదని పాఠకులకు నా మనవి. దానిని ఛాయాచిత్రం తీయండి. అంకెను వ్రాసుకొనండి. సమీపంలోని మ్యూజియం అధికారికి తెలియజేయండి. ఆ నలుపు క్రింద ఒక తిలంగా పటాలం సంఖ్య ఉండవచ్చును. తళతళలాడే బిళ్ళ ఒక పూట చూపరులను సంతోషపెడుతుంది. అక్షరాలు నిలిచిన బిళ్ళ తరతరాలకు సమాధానం చెబుతుంది. నేను చెరిపించిన అంకె తిరిగి రాదు. మరొకటి చెరగకుండా ఉన్నచో ఈ వ్యాసం ప్రయోజనం నెరవేరినట్లే.